మడత పెట్టిన మూల

కలప డిపోలో ఆమెను అందరూ పలకలక్క అంటారు. వడ్రంగులు అంటారు, ఫర్నిచర్ షాపులవాళ్ళు అంటారు, కొత్తగా ఇల్లు కట్టుకుంటూ మొదటిసారి కలప కొనడానికి వచ్చి ఏ వరసలో ఏం చూడాలో తెలియక బిక్కమొహం వేసుకుని నిలబడేవాళ్ళు కూడా పది నిమిషాలు తిరిగేసరికి అదే పిలుపు అందుకుంటారు. డిపో యజమాని ఆమెకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. ఆయనకూ ఆమె పలకలక్కే. ఏభై ఏడేళ్ళొచ్చిన ఆ మనిషికి అమ్మానాన్నలు పెట్టిన పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు. ఉన్న ఒక్క తమ్ముడూ అక్కా అనే పిలుస్తాడు. వాడు నోరారా అలా పిలిచి కూడా చాలాకాలమైంది.

ఆమె పని పలకలు ఏరడం. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే పని. డిపో చివర, రేకుల షెడ్డులో, ఖరీదైన కలప ఉంటుంది. అందులో ఎడమవైపు గోడ పొడవునా చెర్రీ. దేశంకాని దేశంలో పెరిగిన చెట్టు, కోసి, ఆరబెట్టి, కట్టలు కట్టి పంపిస్తారు. కట్ట విప్పిన రోజున ఆమె ఒక్కొక్క పలకనూ పైకెత్తి, ఒక కన్ను మూసుకుని అంచు వెంట చూస్తుంది, వంకర ఉందా, మెలి తిరిగిందా అని. తర్వాత తిరగేసి వేళ్ళతో తడుముతుంది. చివరికి ఆ పలక తలమీద సుద్దముక్కతో గుర్తు పెడుతుంది. గుండ్రం పెడితే అది పైకి కనపడే చోట వాడదగింది. అడ్డగీత పెడితే సొరుగు వెనకకో, బల్ల కిందికో. ఆమె గుండ్రం పెట్టిన పలకను ఇంకోసారి చూడాల్సిన పనిలేదని ఊళ్ళో వడ్రంగులంతా ఒప్పుకుంటారు. ఒప్పుకోనివాళ్ళు ఒకరిద్దరు ఉండేవాళ్ళు, ఆమె నోటికి జడిసి వాళ్ళూ ఒప్పుకున్నారు.

ఎందుకంటే ఆమెకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పుస్తకాల అర చేయించుకోవాలని వచ్చిన ఒక లెక్కల మాస్టారు, కట్ట మీదున్న ఎర్రటి పలకను చూసి ముచ్చటపడి, "ఇలాంటివే ఆరు ఇవ్వండి, కింద ఉన్నవి పాలిపోయినట్టున్నాయి, వద్దు" అన్నాడు.

"మాస్టారూ, మీరు పిల్లలకి లెక్కలు చెప్తారా, కథలు చెప్తారా?" అంది ఆమె. "ఇది పైన ఉంది కాబట్టి వెలుతురు తగిలి ఎర్రబడింది. కిందవి చీకట్లో ఉన్నాయి కాబట్టి లేతగా ఉన్నాయి. ఒకే చెట్టు కోత ఇదంతా. మీ ఇంట్లో ఆరునెలలు ఉంచండి, అన్నీ ఒకే రంగుకొస్తాయి. చూడాల్సింది రంగు కాదు. ఇదిగో, ఈ అంచున తెల్లటి చార ఉంది చూశారా? ఇది చేవదేరని చెక్క. ఇది మాత్రం నూరేళ్ళు ఉంచినా ఎర్రబడదు. ఇలాంటిది ముందుకి రాకుండా చూసుకోండి. ఈ నల్ల చుక్కలు బంక, భయపడకండి, అది పుట్టుమచ్చ లాంటిది."

మాస్టారు తల ఊపాడు. ఆమె అంతటితో వదల్లేదు. ఎవరినీ వదలదు.

"పాలిష్ పేరుతో ఎవడైనా రంగు పూస్తానంటే పూయనివ్వకండి. ఈ చెక్క రంగు తాగితే ఒకచోట ఎక్కువ తాగుతుంది, ఒకచోట తక్కువ తాగుతుంది. మొహానికి పొడ వచ్చినట్టు మచ్చలు పడతాయి. నూనె పట్టించి ఊరుకోండి, మిగతాది వెలుతురు చూసుకుంటుంది. ఇంకో మాట. మొదటి ఏడాది దాని మీద ఏదీ కదలకుండా పెట్టొద్దు. గడియారం పెడితే గడియారం అచ్చు పడుతుంది. వారానికోసారైనా జరుపుతూ ఉండండి."

ఈ చివరిమాట ఆమె చెర్రీ కొన్న ప్రతివాడికీ చెప్పేది. కొందరు వడ్రంగులు ఆమె వెనక ఆ మాటను ఆమె గొంతుతోనే అని నవ్వుకునేవాళ్ళు కూడా.

ఆమె నాన్న ఆ డిపోలోనే రంపం మిషను మీద పనిచేసేవాడు. ఆయన పోయిన రెండేళ్ళకే అమ్మ కూడా పోయింది. అప్పటికి ఆమెకు ఇరవై ఆరు, తమ్ముడికి పన్నెండు. నాన్న చోటులో యజమాని ఆమెను తీసుకున్నాడు. పెళ్ళి సంబంధాలు రాకపోలేదు. వచ్చినవాళ్ళనూ ఆమె పలకల్లాగే చూసింది, అంచు చూసి, తిరగేసి, పక్కన పెట్టింది. ఒకాయన మాత్రం గుండ్రం పెట్టదగినవాడే. కానీ తమ్ముడు వెంట ఉండడం ఆయనకు ఇష్టం లేదు. ఆ సంగతి ఆమె తమ్ముడికి ఎప్పుడూ చెప్పలేదు.

తమ్ముడు పదిహేడేళ్ళకు డిపోలో పాలిష్ షెడ్డులో చేరాడు. చెక్క చదవడం వాడికి ఆమే నేర్పింది. కళ్ళు మూయించి, పలక చేతికిచ్చి, ఏ కలపో చెప్పమనేది. తప్పు చెబితే నెత్తిన మొట్టేది. అక్కాతమ్ముళ్ళు ఒకే టిఫిన్ డబ్బాలో తెచ్చుకుని, పలకల దొంతర మీద కూర్చుని తినేవాళ్ళు. పెళ్ళయ్యాక వాడు భార్యతో వేరే కాపురం పెట్టాడు. ఆ తర్వాత సొంతంగా షాపు పెట్టుకున్నాడు, ఊరికి ఆ చివర, బస్సులో పద్నాలుగు స్టాపుల దూరంలో.

తప్పు జరిగింది ఆ షాపు తెరిచిన రోజునే.

షాపు నిండా జనం. తమ్ముడు కొత్త చొక్కా వేసుకుని, చెమటలు కక్కుకుంటూ, వచ్చినవాళ్ళకు కుర్చీలూ మంచాలూ చూపిస్తున్నాడు. ఒక పెద్దమనిషి భోజనాల బల్ల మీద చెయ్యి వేసి, "ఇది చెర్రీయేనా?" అని అడిగాడు. "చెర్రీ ఫినిషండీ" అన్నాడు తమ్ముడు. ఆ పక్కనే ఉన్న ఆమె గోరుతో బల్ల అంచు కింద గీకింది. పైన ఎరుపు, లోపల తెలుపు. అక్కడితో ఊరుకుని ఉంటే ఈ కథ లేదు.

"చెర్రీ ఏంటి చెర్రీ! చవక చెక్కకి చెర్రీ చొక్కా తొడిగాడు. వీడు అమ్మేది రంగండీ, చెక్క కాదు" అంది, డిపోలో అరిచినట్టే, అందరికీ వినపడేలా.

జనం ఘొల్లున నవ్వారు. ఆ పెద్దమనిషి కూడా నవ్వి, చెయ్యి తీసేసి, బయటికి నడిచాడు. ఆమె కూడా నవ్వుతూనే తమ్ముడి వైపు చూసింది. వాడు నవ్వడం లేదు. గుమ్మం దగ్గర ఉన్న మరదలు తల దించుకుంది. అప్పుడు తెలిసింది ఆమెకు, నోరు జారానని. అయినా అన్నమాట నిజమే కదా అని ఒక పక్క మొండితనం. ఆ పూట తమ్ముడు ఆమెను బస్టాపు దాకా దిగబెట్టి, బస్సెక్కించి, "జాగ్రత్తగా వెళ్ళు" అన్నాడు. అక్కా అనలేదు.

పోట్లాట ఏమీ లేదు. పోట్లాడుకుని ఉంటే ఇద్దరిలో ఒకరు ఏడ్చి, ఒకరు తిట్టి, ఎక్కడో అక్కడ తేలిపోయేది. వాడు మర్యాదగా మారిపోయాడు. ఫోన్ చేస్తే ఎత్తేవాడు. ఆరోగ్యం అడిగేవాడు. రమ్మంటే వస్తామనేవాడు, రాడు. అలా రెండేళ్ళు గడిచాయి. ఆ మర్యాదను తట్టుకోవడం ఆమెకు చాతకాలేదు.

ఒకరోజు చెర్రీ కట్ట విప్పుతుంటే నాలుగు పలకలు కనిపించాయి. ఒకే దుంగలోంచి వరసగా తీసినవి. గీతలు ఒకదాని నుంచి ఇంకోదానిలోకి, కాలవలో నీళ్ళు పోయినట్టు పోతున్నాయి. తెల్ల అంచు లేదు, ముడి లేదు. ఆమె వాటి తలల మీద ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అంకెలు వేసింది. జన్మలో మొదటిసారి గుండ్రం పెట్టలేదు, అమ్మకానికి పెట్టలేదు. యజమాని దగ్గరికి వెళ్ళి, "ఇవి నాకు కావాలి" అంది. ఆయన కళ్ళజోడు తీసి ఆమె వంక చూశాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆమె ఆ డిపోలోంచి పొయ్యికింద పుల్ల కూడా అడగలేదు మరి.

"ఏం చేస్తావమ్మా?"

"బల్ల. భోజనాల బల్ల. నలుగురికి."

నలుగురంటే తమ్ముడు, మరదలు, వాళ్ళ తొమ్మిదేళ్ళ కూతురు, తను. ఇన్నేళ్ళూ ఆమె ఇంట్లో బల్ల లేదు. బట్టలు కుట్టే షాపు మీద రెండు గదులు, ఒక మంచం, వంటింట్లో ఒక అరుగు. కూర్చోబెట్టడానికి చోటే లేని ఇంటికి ఎవరైనా ఎందుకొస్తారులే అని ఆమె తనకు తాను ఒక సాకు చెప్పుకుంది. బల్ల చేస్తే, వాళ్ళు వస్తే, దాని చుట్టూ కూర్చుంటే, ఆ రోజు షాపులో అన్నమాటకు క్షమించమని అడగగలననుకుంది. నిలబడి అడగడం ఆమె వల్ల కాదు.

పలకలను మిగతావాటి వెనక టార్పాలిన్ కప్పి దాచింది, నాలుగింటిలో ఏదీ ముందు ఎర్రబడకుండా. పని వేళ ముగిశాక రోజుకో గంట చొప్పున, వెనక షెడ్డులో, తనే కోసింది, తనే చిత్రిక పట్టింది. చెర్రీ కోసేటప్పుడు రంపం దగ్గర ఆగకూడదు. చెయ్యి ఒక్క క్షణం తటపటాయిస్తే చాలు, చెక్క మాడి నల్లగీత పడుతుంది. మూడో కాలు కోస్తుండగా ఆమె ఫోను మోగింది. తమ్ముడేమోనని చెయ్యి ఆగింది. కాదు, ఎవరో తప్పు నంబరు. కాలు మీద బొటనవేలంత మేర మాడింది. గరుకు కాగితంతో రుద్ది రుద్ది చాలావరకు తీసేసింది, కొంచెం మిగిలితే ఆ వైపు లోపలికి తిప్పి బిగించింది.

డిపోలో సరుకెత్తే ఇద్దరు బల్లనూ, దానికని కొన్న నాలుగు కుర్చీలనూ మెట్లెక్కించి, ముందుగదిలో కిటికీ పక్కన దించి వెళ్ళారు. ఆమె అవిసె నూనె మూడుసార్లు పట్టించి ఆరనిచ్చింది. లేత గులాబి రంగులో, అప్పుడే స్నానం చేయించిన పసిపాప ఒంటిలా ఉంది బల్ల. దాన్ని చూస్తూ చూస్తూ ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. ఈ రంగు నాలుగు రోజులే ఉంటుంది. వెలుతురు తగలడం మొదలైతే రోజురోజుకీ మారుతుంది. ఆ మార్పు తమ్ముడు రాకముందే మొదలవడం ఎందుకు? వాడు వచ్చిన రోజే దీని వయసు మొదలవ్వాలి. వాడి కళ్ళముందే ఎర్రబడాలి. ఇలా అనుకుని, మందపాటి దుప్పటి ఒకటి తీసి, నాలుగు వైపులా వేలాడేలా బల్ల మీద కప్పేసింది.

ఫోన్ చేసింది. "ఒరేయ్, బల్ల చేశాను. వచ్చే ఆదివారం అందరూ భోజనానికి రండి."

"ఈ ఆదివారం కుదరదక్కా. ఆర్డర్లున్నాయి. చూద్దాం."

ఆ తర్వాత పాపకు పరీక్షలు. ఆ తర్వాత జ్వరం. ఆ తర్వాత మరదలి పుట్టింట్లో ఏదో పని. ప్రతిదీ నిజమే అయుండొచ్చు. ఆదివారం వస్తే చాలు, ఆమె గది ఊడ్చి, కుర్చీలు తుడిచి, కిటికీ దగ్గర నిలబడి బస్సుల వంక చూసేది. వాళ్ళు రామని చెప్పిన ఆదివారాల్లో కూడా చూసేది. అది మాత్రం ఎవరికీ చెప్పుకోలేదు.

మొదట్లో ఆమె వంటింటి అరుగు దగ్గర నిలబడే తినేది. మోకాలు నొప్పి మొదలయ్యాక నిలబడలేకపోయింది. ఇంట్లో నాలుగు కుర్చీలు పెట్టుకుని నిలబడి తినడమేమిటని తన్ను తానే తిట్టుకుని, కిటికీ వైపు మూలన దుప్పటి కొస ఎత్తి, పుస్తకంలో పేజీ మడిచినట్టు వెనక్కి మడిచి, ఆ కాస్త చోటులో కంచం పెట్టుకుని తింది. తిన్నాక మళ్ళీ సరిచేసింది. కొన్నాళ్ళు పోయాక సరిచేయడం మానేసింది. మడత అలాగే ఉండేది. నీళ్ళ స్టీలు గ్లాసు కూడా ఎప్పుడూ అక్కడే, ఒకేచోట ఉండేది. పొద్దున టీ, సాయంత్రం భోజనం, సెలవురోజున రెండుపూటలూ అక్కడే. మిగతా బల్ల మీద దుప్పటి ఎత్తి చూడలేదు ఎప్పుడూ. వాళ్ళతోపాటు చూడాలని అట్టేపెట్టుకుంది.

పదో నెలలో మరదలు ఫోన్ చేసింది. "వదినా, ఈ ఆదివారం వస్తున్నాం. పాప ప్రాణం తీసేస్తోంది, అత్త చేసిన బల్ల చూడాలని."

ఆమె ఆ సాయంత్రమే బజారుకెళ్ళింది. మూడు కొత్త కంచాలు కొంది. శనివారం సగంపూట సెలవడిగితే, యజమాని ఆమెకు జబ్బేమో అనుకున్నాడు. ఆదివారం పొద్దున్నే గ్లాసు కడిగి గూట్లో పెట్టింది, మడత విప్పి దుప్పటి కొస కిందికి లాగి, అంచులు చేత్తో నున్నగా సర్దింది. లోపల ఎలా ఉందో తొంగి చూడాలని చెయ్యి పీకింది. చూడలేదు.

పదకొండు గంటలకు వచ్చారు. తమ్ముడి జుట్టు పలచబడింది. గుమ్మంలోనే నిలబడి గదంతా చూశాడు. పాప తిన్నగా బల్ల దగ్గరికి పరిగెత్తి, "అత్తా, దీనికి చలేస్తోందా?" అంది. అందరూ నవ్వారు, తమ్ముడు కూడా. ఆ నవ్వు విని ఆమెకు కొండంత బలం వచ్చింది.

"నువ్వే తియ్యమ్మాయ్" అంది మరదలితో. "ఆ కొస నువ్వు పట్టుకోవే" అంది పాపతో.

తల్లీకూతుళ్ళు దుప్పటి లాగారు.

నాలుగు పలకలూ లేత గులాబి రంగులో, నిన్ననే నూనె పట్టించినట్టున్నాయి. కిటికీ వైపు మూల మాత్రం ముదురు ఎరుపు. ముక్కోణం. లేత రంగుకూ ముదురు రంగుకూ మధ్య వాలుగా ఒక గీత, స్కేలు పెట్టి గీసినంత తిన్నగా. ఆ ఎర్రటి ముక్కోణంలో ఒక చిన్న లేతరంగు గుండ్రం.

 ఆమెకు చూసినంతలోనే అర్థమైపోయింది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఊరందరికీ చెప్పిన మాట ఆమె సొంత బల్ల మీద రాసి ఉంది. రోజూ ఆ మూలన తింటూ, అద్దంలో రోజూ చూసుకునే మొహంలాగా, అది ఎర్రబడుతున్న సంగతే గమనించలేదు.

"ఈ మూల వేరే చెక్క వేశారా వదినా?" అంది మరదలు, ఏ కల్మషమూ లేకుండా.

"అవునమ్మాయ్" అంది ఆమె. "పలక సరిపోలేదు. రంగు తేడా వచ్చింది. చూసుకోలేదు నేను."

చూసుకోలేదు. ఈ మాట ఆమె నోట ఏ వడ్రంగీ, ఏ యజమానీ వినలేదు. తల తీసేసినట్టయింది. అయినా ఇంకో నిజం బయటపడేకంటే ఇదే నయమనుకుంది.

తమ్ముడు మాత్రం బల్ల మీదికి వంగాడు. అరచేత్తో ఆ గీత వెంట మెల్లగా తడిమాడు. పలక తేడా అయితే రంగు జిగురు అతుకు దగ్గర ఆగాలి. ఇది అతుకును దాటి, రెండు పలకలను వాలుగా కోసుకుంటూ పోయింది. చెక్కకు అలాంటి గీత ఉండదు, గుడ్డ మడతకే ఉంటుంది. ఈ సంగతి వాడికి చెప్పాల్సిన పనిలేదు. నెత్తిన మొట్టి మరీ నేర్పింది ఆమే.

"నాన్నా, ఇక్కడ గుండ్రంగా ఏంటో ఉంది" అంది పాప.

తమ్ముడు గూటిలో ఉన్న గ్లాసు తీసి, ఆ గుండ్రం మీద పెట్టాడు. సరిగ్గా సరిపోయింది. గ్లాసు పక్కన ఇంకో గుర్తు ఉందేమోనని వాడి కళ్ళు ఆ ముక్కోణమంతా వెతికాయి. లేదు. ఒక్కటే గ్లాసు. ఆమె కిటికీ వైపు తిరిగి, బయట ఏదో ఉన్నట్టు చూస్తూ నిలబడింది. పట్టుబడిన దొంగకు కూడా అంత సిగ్గు ఉండదు.

"పలక తేడానే" అన్నాడు తమ్ముడు, భార్యతో. "మంచివన్నీ ఊళ్ళోవాళ్ళకి ఇచ్చేసి, మిగిలింది ఈవిడ వాడుకుంది. ఎప్పుడూ అంతే ఈవిడ."

అని, ఆ ఎర్రటి మూలన ఉన్న కుర్చీ లాక్కుని తనే కూర్చున్నాడు.

భోజనాలయ్యాయి. పాప పులుసు ఒలకబోస్తే మరదలు గాభరాపడింది. "ఏం ఫర్వాలేదు, ఒలకనీ" అంది ఆమె. నిజంగానే ఫర్వాలేదనిపించింది. ఆ ఒక్క గంటా గది నిండా కంచాల చప్పుడు, ఒకరి మాట మీద ఒకరి మాట. తిన్నాక పాప కిటికీ దగ్గర బస్సులు లెక్కపెడుతుంటే మరదలు మంచం మీద కాస్త నడుం వాల్చింది. ఆమె కంచాలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. తమ్ముడు వెనకే వచ్చి, తువ్వాలు అందుకుని, కడిగినవి తుడుస్తూ నిలబడ్డాడు.

"ఎన్ని నెలలు?" అన్నాడు.

"ఏంటి?"

"కప్పి."

"పది" అంది ఆమె. ఇంకో కంచం అందుకుని, "మీరొచ్చేదాకా దానికి వెలుతురు తగలకూడదనుకున్నానురా. ఆ మూలన నేను తింటున్నానన్న సంగతి నాకు గుర్తు రాలేదు" అంది.

తమ్ముడు కంచం తుడుస్తూనే ఉన్నాడు. ఆ కంచం ఎప్పుడో ఆరిపోయింది.

"ఆ రోజు షాపులో ఆ మాట అనకుండా ఉండాల్సింది" అంది ఆమె, కొళాయి వంక చూస్తూ.

"అబద్ధం కాదుగా నువ్వన్నది."

"అబద్ధం కాదు. నిజమే. అయినా అనకూడదు."

తమ్ముడు ముక్కుతో నవ్వాడు. క్షమించమని అడుగుతూ కూడా తన మాట వెనక్కి తీసుకోని మనిషిని వాడు ఇంకెక్కడా చూడలేదు. కంచం పక్కన పెట్టి, గొంతు తగ్గించి, "రంగు వెయ్యనా? నా దగ్గరుంది. ఆ లేత భాగం అంతా కలిపేస్తా. పూటలో పని. ఎవరూ కనిపెట్టలేరు" అన్నాడు.

ఆమె చేతులు నీళ్ళలోనే ఆగిపోయాయి. చెర్రీ మీద రంగు. ఎవడైనా పూస్తానంటే పూయనివ్వొద్దని ఎన్ని వందలమందికి చెప్పిందో.

"వెయ్యరా" అంది.

తమ్ముడు ఆమె మొహంలోకి చూశాడు. వేళాకోళం లేదు. నిజంగానే అంటోంది. వాడి కళ్ళు ఎర్రబడ్డాయి.

"వద్దులే అక్కా" అన్నాడు. "మచ్చలు పడతాయి."

మూడు గంటలకు బయల్దేరారు. పాప చెప్పులు కనపడక కాసేపు వెతుకులాట, మెట్ల మీద కాసేపు వీడ్కోళ్ళు. తమ్ముడి చంకలో ఏదో మూట ఉంది, పాప స్వెట్టరేమో అనుకుంది ఆమె. ఈసారి బస్టాపు దాకా ఆమే వెళ్ళి దిగబెట్టింది. మళ్ళీ ఎప్పుడొస్తారని అడగాలనుకుంది. ఆ మాట నోటిదాకా వచ్చింది గానీ, అడిగితే మళ్ళీ చూద్దాం అంటాడేమోనని భయపడి మింగేసింది. బస్సు కదిలింది. తిరిగి వచ్చేటప్పుడు మోకాలు సలిపింది. మెట్లు ఒక్కొక్కటే ఎక్కి, తలుపు తీసేసరికి ఇల్లు ఎప్పటిలాగే ఉంది. గోడగడియారం చప్పుడు కూడా మళ్ళీ వినపడుతోంది.

అలవాటు కొద్దీ దుప్పటి కోసం చూసింది. కుర్చీ మీద పెట్టినట్టు గుర్తు. లేదు. మంచం మీద లేదు. బల్ల కిందికి వంగి చూసింది, తలుపు వెనక చూసింది. అప్పుడు తమ్ముడి చంకలోని మూట గుర్తొచ్చింది. అది స్వెట్టరు కాదు.

ఆమె కుర్చీలో కూలబడింది. చాలాసేపు ఏడ్చింది. ఏడుపు ఆగాక మొహం కడుక్కుంది. అలమరలో ఇంకో దుప్పటి ఉంది. దాన్ని తీసి, చేతుల్లో పట్టుకుని కాసేపు నిలబడి, మళ్ళీ లోపల పెట్టేసింది. దుప్పటి ఇవ్వడానికైనా వాడు వస్తాడు. వచ్చే ఆదివారం వస్తాడో, రంగులు రెండూ కలిసిపోయాక వస్తాడో ఆమెకు తెలియదు. రాకపోనూవచ్చు. కానీ దుప్పటి మాత్రం వాడి ఇంట్లో ఉంది.

కిటికీ రెండో రెక్క కూడా తెరిచింది. సాయంకాలపు ఎండ లేత పలకల మీద సగం దాకా వచ్చి పడింది. మిగిలిన అన్నం కాస్త కంచంలో పెట్టుకుని, తన మూలకు వెళ్ళబోయి ఆగి, ఎదుటి వైపు, పాప కూర్చున్న కుర్చీలో కూర్చుంది. అక్కడినుంచి చూస్తే ఆ ఎర్రటి ముక్కోణం చాలా చిన్నగా కనిపించింది. పది నెలలు నేను తిన్నది ఇంత చిన్న చోటులోనా, అనుకుంది.